బుల్లి కారు ముక్కు ఎందుకు లేపింది?

చిన్నీకి, దాని పక్కన చేరి ఈ ఉత్తరం చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

లేబర్ డే సెలవుల్లో ఇండియానాపొలిస్ డ్రాగ్ రేసులు చూసొచ్చి నువ్వు రాసిన ప్రశ్న అందింది. "తాతయ్యా, 1968 నాటి ఆ పాత డాడ్జ్ డార్ట్ పచ్చ లైటు పడగానే ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపేసింది. ఇంజనేమో ముందే ఉంది. బరువున్న వైపే ఎలా లేస్తుంది?"

జవాబు ఎడ్లబండిలో ఉంది. నవ్వకు.

రెండు చక్రాలు, వాటి మధ్య ఇరుసు, ముందుకు చాచిన నొగ, నొగ కొసన కాడి. బండంటే ఇంతే. గడ్డిమోపులు ఇరుసుకు ముందు ఎక్కువ పడితే కాడి దిగి ఎద్దుల మెడలు కుంగుతాయి. వెనక ఎక్కువైతే కాడి తేలి పలుపు గొంతుకు బిగుస్తుంది. మా చిన్నతనంలో తిరునాళ్లకు పోయే ప్రతి బండిలోనూ ఒకటే గోల. చదును బాటలో పిల్లలంతా వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవాళ్లు. చెరువుకట్ట ఎక్కేచోటు రాగానే తోలేవాడు "ముందుకి రండ్రా, ముందుకి!" అని కేకేసేవాడు. కట్ట ఎక్కేటప్పుడు బండి వెనక్కి ఒరుగుతుంది, కాడి లేస్తుంది. మనుషులు అంతే, మోపులు అంతే. బరువు ఆనే చోటు మారింది.

కారు ఒక్కసారిగా దూకినప్పుడు కట్ట లేకుండానే ఇది జరుగుతుంది. వెనక టైర్లు నేల దగ్గర తోస్తాయి. కారు బరువు కేంద్రం మాత్రం నేలకు దాదాపు అరమీటరు ఎత్తున ఉంటుంది. కింద తోస్తే పైది వెనకబడుతుంది, బస్సు కదలగానే నిలబడ్డవాడు వెనక్కి తూలినట్టు. లెక్క కూడా చిన్నదే. ఆ ఎత్తును ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరంతో భాగించు. ఎత్తు 20 అంగుళాలు, దూరం 100 అంగుళాలు అనుకుంటే ఐదో వంతు. 1,400 కిలోల కారు ఒక జీ వేగవృద్ధితో, అంటే పైనుంచి వదిలిన రాయి వేగం పుంజుకున్నంత జోరుతో, దూకిందా, 280 కిలోలు ముందు టైర్ల మీంచి వెనక టైర్ల మీదికి పోతాయి. ఇరుసుల మధ్య 94 అంగుళాలే ఉంటే 298 కిలోలు. మీ డార్ట్‌లా 111 ఉంటే 252. దూకుడు రెండింతలైతే ఈ అంకెలూ రెండింతలు. ముందు టైర్ల మీద ఇక పోవడానికి ఏమీ మిగలనప్పుడు ముక్కు లేస్తుంది. లేచేకొద్దీ బరువు కేంద్రం ఇంకా పైకి పోతుంది, దాంతో ఇంకాస్త బరువు వెనక్కి పోతుంది. అందుకే చాలా కార్లకు వెనక బుల్లి చక్రాలున్న వీలీ బార్లు బిగిస్తారు.

ఇంత చిన్న కార్లే ఎందుకు పందేనికి వచ్చాయన్నది అసలు కథ.

పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పరుగెత్తడమే డ్రాగ్ రేసు. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) అనే సంఘం పెట్టి దీన్ని వీధుల్లోంచి లాగి విమానాల రన్‌వేల మీదికి తెచ్చాడు. అప్పటి కుర్రాళ్లకు చవగ్గా దొరికిన తేలిక బండ్లు యుద్ధానికి ముందునాటి విల్లీస్ కార్లు. 1933 విల్లీస్ ఇరుసుల మధ్య 100 అంగుళాలే, 1941 దానికి 104. 1950ల తొలినాళ్ల హెన్రీ జే కూడా 100 అంగుళాలదే. నాలుగు సిలిండర్ల నీరసపు ఇంజను తీసి పారేసి, పెద్ద కార్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను దించేవాళ్లు. పిల్లల ఆటబండికి ఒంగోలు గిత్తల్ని కట్టడమన్నమాట. 'ఒహాయో జార్జ్' మాంట్‌గోమరీ 1933 విల్లీస్‌తో 1959 ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నేషనల్స్ పోటీల్లో లిటిల్ ఎలిమినేటర్ అనే టైటిల్ గెలిచాడు. 1941 విల్లీస్‌లతో స్టోన్-వుడ్స్-కుక్ జట్టూ, 'బిగ్ జాన్' మజ్‌మానియన్ జట్టూ ఒకరినొకరు కవ్వించుకుంటూ చేసిన పోటీలు చూడ్డానికే జనం టిక్కెట్లు కొనేవారు.

ఆ కార్ల ఫోటోలు చూస్తే ముక్కు ఆకాశంలో ఉంటుంది. ఫ్యాషన్ కోసం కాదు. అప్పటి టైర్లు సన్నం, గట్టి, నేలను పట్టేవి కావు. బరువు వెనక్కి పోతే తప్ప గిర్రున తిరిగి ఊరుకునేవి. ముందు వైపు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే తిన్నని ఇరుసు వేసి ఎత్తితే బరువు కేంద్రం లేచి, బరువు వెనక్కి పోవడం పెరుగుతుంది. అందరూ పోటీపడి ఎత్తుతుంటే, క్రాంక్‌షాఫ్ట్ (ఇంజనులో తిరిగే ప్రధాన కడ్డీ) మధ్యగీత నేల నుంచి 24 అంగుళాలు దాటకూడదని నిబంధన పెట్టాల్సొచ్చింది. తర్వాత మెత్తటి, వెడల్పాటి, గాళ్లు లేని స్లిక్ టైర్లు వచ్చాయి, కార్లు మళ్లీ కిందికి దిగాయి.

ఇక కంపెనీ చిన్న కార్లు. 1958 మాంద్యం, ఫోక్స్‌వ్యాగన్ దెబ్బ రెండూ తగిలాక 1959 చివర్లో మూడు పెద్ద కంపెనీలూ ఒకేసారి చిన్న కార్లు దించాయి: ఫోర్డ్ ఫాల్కన్, షెవ్రొలే కార్వెయిర్, క్రైస్లర్ వాళ్ల వాలియంట్. ఫాల్కన్‌ను పట్టుబట్టి తెచ్చిన రాబర్ట్ మెక్‌నమారానే తర్వాత రక్షణ మంత్రి అయ్యాడు. పొదుపు తప్ప పందెం ఆయన ఊహలో ఉండి ఉండదు! 144 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను, 90 హార్స్‌పవర్, బరువు సుమారు 1,050 కిలోలు. అదే కంపెనీ పెద్ద కారు 1,700 దగ్గర తూగేది.

ఆ తేడా విలువ ఎంతో నువ్వే లెక్కకట్టు. డ్రైవరుతో సహా బరువును పౌండ్లలో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించు. వచ్చినదానికి ఘనమూలం తీసి 5.825తో గుణించు. పావు మైలుకు పట్టే సెకన్లు వస్తాయి. ఫాల్కన్‌కు 2,500 పౌండ్లు, 90 హార్స్‌పవర్: 17.6 సెకన్లు. ఆనాటి కంపెనీ అంకెలు కాస్త ఉదారం కాబట్టి నిజానికి ఇంకా నెమ్మదే. అందులోనే 300 హార్స్‌పవర్ వీ8 పెట్టి, బరువు 2,700 పౌండ్లకు పెరిగిందనుకో: 12.1. బరువు సగం చేసినా, శక్తి రెట్టింపు చేసినా ఈ లెక్కలో ఫలితం ఒకటే. కుర్రాళ్ల జేబుకు బరువు తగ్గించడమే చవక.

కార్వెయిర్‌కు ఇంజను వెనకే ఉంది, బరువు ఉండాల్సిన చోటే ఉంది. అయినా పందెం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గాలితో చల్లబడే ఆ ఇంజను చోటులో పెద్ద వీ8 ఇమడదు. వాలియంట్ స్లాంట్ సిక్స్ ఇంజను 30 డిగ్రీలు వాలి ఉంటుంది. హైపర్ పాక్ అనే కిట్‌తో, పొడవాటి ఇన్‌టేక్ గొట్టాలూ నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటరూ బిగిస్తే 148 హార్స్‌పవర్ ఇచ్చేది. డ్రాగ్ రేసులో ఎక్కువకాలం నిలిచింది మాత్రం 1962లో వచ్చిన షెవ్రొలే వాళ్ల షెవీ టూ, నోవా అన్నదీ దాన్నే. 1966లో దానికి 350 హార్స్‌పవర్ ఎల్79 ఇంజను దొరికింది. గొణుగుడు మనిషి కాబట్టి 'గ్రంపీ' అని పేరుపడ్డ బిల్ జెన్‌కిన్స్ దాన్ని స్టాక్ తరగతిలో (కంపెనీ అమ్మిన కార్ల పోటీలో) క్రైస్లర్ వాళ్ల హెమీ అనే పెద్ద ఇంజన్ల కార్ల మీదికి తోలాడు.

ఆ కారుకు ఒక జబ్బుంది. లారీ కింద దొంతరగా కమాన్ కట్టలు చూసి ఉంటావు. 1962-67 షెవీ టూకి వెనక ఒక్కో వైపు ఒక్క పట్టీయే. ఇంటిల్లిపాదీ తిరగడానికి అది చాలు. క్లచ్ ఠక్కున వదిలితే చక్రాలు ముందుకు తిరగాలనుకుంటాయి, ఇరుసు పెట్టె ముక్కు పైకి తిరగబోతుంది, పట్టీ పాములా మెలిపడుతుంది. పడినది టపీమని విడుస్తుంది, మళ్లీ పడుతుంది. టైర్లు గంతులేస్తాయి. మూడు నాలుగు గంతుల్లో యూనివర్సల్ జాయింటో, ఇరుసు కడ్డీయో విరుగుతుంది. మందేమిటంటే, ఇరుసు కింద పట్టీకి బిగించి ముందుకు చాచిన ఇనుప బార్, దాని కొసన రబ్బరు దిమ్మ. ఇరుసు తిరగబోగానే దిమ్మ పైకి లేచి పట్టీ ముందు కన్ను కింద తన్నాలి. సరిగ్గా కన్ను కిందే. బార్ పొట్టిదైతే దిమ్మ పట్టీ మధ్యలో తన్ని దాన్నే వంచేస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. ఇంకొకటి: ఇంజను శక్తిని వెనక ఇరుసుకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలి కుడి వెనక టైరును నేల మీంచి తేలుస్తుంది, అందుకని కుడివైపు దిమ్మకు సందు తక్కువ ఉంచుతారు. బ్యాటరీని ఇంజను దగ్గర్నుంచి తీసి డిక్కీలో కుడిమూలకు మార్చేదీ ఇందుకే. తిరునాళ్ల బండిలో "నువ్వు కుడివైపు జరగరా" అన్నట్టే.

ముందు వైపు కూడా తేలిగ్గా లేవాలి. అందుకే వీ8 వేసిన డార్ట్‌లకు కూడా ఆరు సిలిండర్ల కారు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) వెతికి బిగించేవాళ్లు, అవి సన్నం, మెత్తన. ముందు షాక్ అబ్జార్బర్లు సులువుగా సాగి, నెమ్మదిగా దిగాలి. త్వరగా దిగితే వెనక్కి పోయిన బరువు టైర్లు పట్టు దొరకబుచ్చుకునేలోపే తిరిగొచ్చేస్తుంది.

ఇప్పుడు నీ డార్ట్ దగ్గరికి. 1968లో క్రైస్లర్, హర్స్ట్ కంపెనీ కలిసి దాదాపు 80 డార్ట్‌లకూ 70 బారకుడాలకూ 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజను దించారు. ఏడు లీటర్లు! ఇంజను పట్టక కుడివైపు షాక్ అబ్జార్బర్ బిగించే టవర్ మార్చాల్సొచ్చింది. ముందు రెక్కలూ బానెట్టూ ఫైబర్‌గ్లాసు, తలుపుల ఉక్కును యాసిడ్‌లో ముంచి పల్చన చేశారు, కిటికీ అద్దాలు దించడానికి పిడి బదులు పట్టీ. వెనక సీటు లేదు, ముందు సీట్లు వ్యాన్ నుంచి తెచ్చినవి. రంగు కూడా వెయ్యలేదు, ప్రైమర్ మీదే అమ్మారు. ఇది రోడ్డు మీద తిప్పడానికి కాదు, పర్యవేక్షణలో జరిగే పందేలకేనని కారు మీదే అంటించి పంపారు. ఆ మాట తయారుచేసినవాళ్లే అన్నారు కాబట్టి, రింగురోడ్డు మీద పందేలు కాసే మీ అన్నయ్యలకు చదివి వినిపించు. ఆ కార్లకు ఇప్పటికీ విడిగా పోటీ పెడతారు, ఎనిమిది సెకన్ల చిల్లరలో పావు మైలు దాటేస్తాయి. నువ్వు చూసింది అదే.

1972లో జెన్‌కిన్స్ ఇంకా చిన్న కారు ఎంచుకున్నాడు: ఇరుసుల మధ్య 97 అంగుళాలే ఉన్న షెవ్రొలే వేగా. అప్పటి ప్రో స్టాక్ అనే పోటీ తరగతిలో ఇంజను పరిమాణాన్ని బట్టి కనీస బరువు నిర్ణయించేవారు, చిన్న ఇంజను చిన్న కారుకు తక్కువ బరువు చాలన్నారు. పొమోనాలో తొలి పోటీ గెలిచి, ఆ ఏడు మొత్తం ఆరు జాతీయ పోటీలు గెలిచాడు. మర్నాటి నుంచే అందరికీ ఫోర్డ్ పింటోలూ వేగాలూ కావాల్సొచ్చాయి. ఆ తర్వాత పొడవు కార్లకు బరువులో రాయితీ వచ్చింది. వేన్ గాప్, జాక్ రౌష్ నిబంధనల పుస్తకం జాగ్రత్తగా చదివి నాలుగు తలుపుల ఫోర్డ్ మావెరిక్ తెచ్చారు! రెండు తలుపులదానికి 103 అంగుళాలు, దీనికి 109.9. టాక్సీలా ఉందని జనం 'టిహువానా టాక్సీ' అన్నారు. నా మట్టుకు ఈ మొత్తం కథలో అందరికంటే తెలివైన కారు అదే.

ఒకటి ఒప్పుకోవాలి. నా ఎడ్లబండి ఇక్కడితో ఆగిపోతుంది. బండిని ఎద్దులు ముందు నుంచి లాగుతాయి, కారును టైర్లు వెనక నుంచి తోస్తాయి, ఆ టైర్లు గట్టి చక్రాలు కావు. అవి చేసే పని మాటల్లో చెప్పినా నీకు నమ్మకం కుదరదు. ఈసారి వెళ్లినప్పుడు లేచే ముక్కును చూడకు, దాన్ని అందరూ చూస్తారు. స్టార్టింగ్ లైన్‌కు పక్కగా కూర్చో. పసుపు లైట్లు దిగుతుండగా వెనక టైరు పక్కగోడ మీదే కళ్లు పెట్టు. చక్రం తిరుగుతుంది, రబ్బరు ఇంకా తిరగదు, మధ్యలో చీర కుచ్చిళ్లలా ముడతలు పడతాయి. ఆ ముడతలు కుడి టైరులో ఎక్కువా, ఎడమదాన్లోనా? చూసి రాయి.

తాతయ్య