ఆ గరాటు బొమ్మ ఎందుకంటే

చిరంజీవులు నందుకి, వెన్నెలకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నందు అడిగాడు: "తాతయ్యా, కంప్యూటర్‌కి అన్నీ తెలుసు కదా! తుపాను ఎటు వెళ్తుందో ఒక్క గీత గీసి చూపించొచ్చుగా? టీవీలో ఆ గరాటులాంటి బొమ్మ ఎందుకు?" ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. చిన్న ప్రశ్న కాదది. అందుకే ఈ ఉత్తరం.

నాట్లప్పుడు వచ్చి మన పొలంలో మడులు చూశారు కదా. పై మడి గట్టుకి గండి కొడితే నీళ్ళు కింది మడిలోకి జారతాయి. ఏ మడిలో ఎంత నీరుందో, గండి ఎంత వెడల్పో తెలిస్తే, పది నిమిషాల తర్వాత ఎక్కడ ఎంత ఉంటుందో కాగితం మీద లెక్క కట్టొచ్చు. వచ్చిన అంకెలతో మళ్ళీ ఇంకో పది నిమిషాలకి. అలా కట్టుకుంటూ పోతే సాయంత్రానికి ఏ మడి నిండుతుందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. నీళ్ళు ఎలా పారతాయో మనం రాసుకున్న నియమాలు మోడల్. వాటిని అలా గంటగంటకీ ముందుకి నడిపించడం సిమ్యులేషన్.

వాతావరణానికైతే ఆకాశాన్నే మడులుగా కోస్తారు, అంతస్తులు అంతస్తులుగా. ఒక్కో మడికీ గాలి వేగం, వేడి, తేమ, పీడనం ఇంతింత అని అంకెలు ఉంటాయి. 2025లో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ మోడల్‌లో ఒక్కో మడి వెడల్పు సుమారు 6 కిలోమీటర్లు. ఇక లెక్కలు ఎన్నో మీరే ఊహించుకోండి.

ఈ లెక్కని కంప్యూటర్లు లేని రోజుల్లోనే చేతితో చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండుకి చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. యుద్ధం చేయడం తప్పు అని నమ్మి, మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టకుండా ఫ్రాన్సులో అంబులెన్సు నడిపాడు. ఆ మధ్యలోనే, అప్పటికే గడిచిపోయిన 1910 మే 20న ఆరు గంటల్లో వాతావరణం ఎలా మారి ఉండాలో లెక్క కట్టాడు. పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. నిజానికి ఆ రోజు పెద్దగా మారనే లేదు! ఆయన ఆ తప్పుని దాచలేదు. 1922లో పుస్తకంలో ఉన్నదున్నట్టు అచ్చువేశాడు. ఆయన మీద నాకున్న గౌరవమంతా అందుకే. పద్ధతి సరైనదే, మొదట వేసుకున్న అంకెల్లోనే తేడా ఉందని తర్వాతివాళ్ళు తేల్చగలిగారు. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్ మీద మొదటిసారి ఇలాంటి లెక్క ఫలించింది.

మడుల ఉపాయం ఆకాశానికే కాదు. కార్ల కంపెనీలు కారు బాడీని లక్షల ముక్కలుగా కోసి, గోడకి గుద్దుకుంటే ఏ ముక్క ఎలా వంగుతుందో కంప్యూటర్‌లో చూస్తాయి. ఆ తర్వాత నిజం కారునీ గుద్దించి సరిచూసుకుంటాయి. పైలట్లు ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో నేల మీదే సిమ్యులేటర్‌లో నేర్చుకుంటారు.

ఇప్పుడు నందు ప్రశ్నకి వస్తాను. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త ఒక వాతావరణ లెక్కని మధ్యలోంచి మళ్ళీ నడిపించాలనుకున్నాడు. 0.506127 అని వేయాల్సిన చోట, కాగితం మీద అచ్చయినట్టే 0.506 అని వేశాడు. కాఫీ తాగి వచ్చి చూస్తే, కాసేపు పాత దారిలోనే నడిచిన లెక్క తర్వాత పూర్తిగా వేరే దారి పట్టింది. అంత చిన్న తేడాకి! మరి నడిసముద్రంలో గాలిని మనం అంత కచ్చితంగా ఎక్కడ కొలవగలం? అందుకే ఒకే తుపానుని మొదటి అంకెలు కొద్దికొద్దిగా మార్చి చాలాసార్లు నడిపిస్తారు. మొదటి రోజు దారులన్నీ దగ్గరగానే ఉంటాయి. మూడో రోజుకి చెల్లాచెదురవుతాయి. వెనకటి తుపాన్లలో అంచనా సగటున ఎన్ని కిలోమీటర్లు తప్పిందో చూసి, రోజురోజుకీ గరాటుని వెడల్పు చేస్తూ గీస్తారు. తుపాను పెద్దదవుతోందని కాదు దానర్థం. తుపాను కేంద్రం ఆ గరాటులో ఎక్కడైనా ఉండొచ్చని. గాలీ వానా గరాటు బయట కూడా పడతాయి, అది గుర్తుంచుకోండి.

ఇంకొకటుంది, ఉప్పెన. గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెట్టడం. దాన్ని లెక్క కట్టాలంటే సముద్రం అడుగు ఎంత లోతో, ఎంత వాలో తెలియాలి. అడుగు మెరకగా ఉంటే నీరు పైకి లేస్తుంది. మీ ఇంటికి దగ్గర్లో, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది చూడండి, అక్కడ ఈ లెక్కలు కడతారు. సునామీల కోసమైతే ఎక్కడ భూకంపం వస్తే అల ఎటు వెళ్తుందో ముందే కట్టి దాచిపెట్టుకున్నారు.

1977 నవంబరు 19, శనివారం. నాకు పన్నెండేళ్ళు. రేడియోలో తుపాను అన్నారు. దివిసీమ వాళ్ళకి తుపాను కొత్త కాదు. తలుపులు బిగించుకుని కూర్చున్నాం. నీళ్ళు ఎంత ఎత్తున వస్తాయో మాకెవరూ చెప్పలేదు. సముద్రం వైపు నుంచి హోరు వినగానే మా నాన్న కొడవలి తీసుకుని కొట్టంలోకి పరుగెత్తి పశువుల పలుపులు కోసేశాడు. మాది కాస్త లోపలి ఊరు, బతికాం. మా మేనత్త వాళ్ళది ఒడ్డు పక్క ఊరు. ఆ ఇంట్లో ఐదుగురుంటే, తాటిచెట్టుని కరుచుకున్న బావ ఒక్కడే మిగిలాడు. 5 మీటర్లకు పైగా లేచిందట ఉప్పెన. దాదాపు 10,000 మంది పోయారని లెక్క. ఇంకా ఎక్కువే అనేవాళ్ళూ ఉన్నారు.

1999లో ఒడిశాలోనూ అలాగే దాదాపు 10,000 మంది పోయారు. 2013లో ఫైలిన్ తుపాను అదే ఒడిశా తీరానికి వచ్చినప్పుడు, గరాటు చూసి ముందే సుమారు పది లక్షల మందిని ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు యాభైకి లోపే. ఆ వార్త చదివిన రోజు బావకి ఫోన్ చేశాను. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

వచ్చే నాట్లకి రండి. గళ్ళ నోటుబుక్కు ఒకటి తెచ్చుకోండి. మన పొలంలో పై మడి నుంచి లెక్క మొదలుపెడదాం. గండి వెడల్పు కొలవడానికి నా దగ్గర టేపు ఉంది.

ప్రేమతో,
తాతయ్య