రికార్డు ప్లేయర్ వైరులో దాగిన ఉయ్యాల

గూడూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా తాతగారి ఎల్పీ రికార్డులు ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే బాగా పలుకుతాయని ఒకరు, వాటి అయస్కాంత గుణం తీసేయాలని ఒకరు, ఫెవికాల్ పూసి ఒలవమని ఒకరు, వేలు పోసి వెండి వైరు కొనమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి?"

మొదటి మూడూ చప్పున తేల్చేద్దాం. ఎల్పీ అంటే పీవీసీ ప్లాస్టిక్. అయస్కాంతానికి లొంగే సరుకు అందులో లేదు. ఫ్రిజ్ దండగ, పైగా మన సముద్రపు గాలిలో బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. జిగురు మాత్రం పనిచేస్తుంది. బాగా ఆరాక పొరలా ఒలిస్తే గాడిలో దుమ్ము దానికి అంటుకుని వచ్చేస్తుంది. లక్కతో చేసిన పాత 78 ప్లేట్లకు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) మాత్రం పూయకండి, పెళుసుగా ఉంటాయి, ఒలిచేటప్పుడు విరుగుతాయి.

అసలు మజా రికార్డు ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్లే వైరు దగ్గర ఉంది. వెండి మహిమ అనేది మూఢనమ్మకమే. కానీ వైరు మారిస్తే పాట మారిందనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

సూది కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం కార్ట్రిడ్జ్. మూవింగ్ మాగ్నెట్ (సూదితో పాటు అయస్కాంతం కదిలే) రకం కార్ట్రిడ్జ్‌లో సన్నటి తీగ చుట్టలుంటాయి. ఒక్కో దాని ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) సుమారు 0.5 హెన్రీ. వైరులో లోపలి తీగకూ పై అల్లికకూ మధ్య కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిల్వ చేసే గుణం) ఉంటుంది, మామూలుగా మీటరుకు 100 పికోఫారడ్లు. ఆంప్లిఫయర్‌దీ కలిపి మొత్తం 300 అనుకుందాం. చుట్టల ఇండక్టెన్స్, ఈ కెపాసిటెన్స్ రెండూ శక్తిని ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. సరైన సమయానికి తోస్తే ఉయ్యాల ఊపందుకున్నట్టు, 13,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే బాగా సన్నటి కీచు ధ్వనుల దగ్గర, సిగ్నల్ ఊపందుకుంటుంది. ఆంప్లిఫయర్‌లోని 47 కిలో ఓమ్‌ల నిరోధం ఆ ఊపును అణిచినా, 10,000 దగ్గర 2 డెసిబెళ్ల పొంగు మిగులుతుంది. కెపాసిటెన్స్ 600 అయితే ఉయ్యాల 9,200కు దిగి, పొంగు ఇంకా పెరుగుతుంది. బాలు పాటలో "స", "శ" బుసకొట్టినట్టు వినిపిస్తాయి. 150 చేస్తే 18,000 దాటిపోతుంది, పొంగు దాదాపు మాయం!

అనునాదం (రెజొనెన్స్) అనే ఈ సూత్రాన్ని ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిస్తాం. క్లాసులోకి ఒక రికార్డు ప్లేయర్ తెచ్చి, పొట్టి వైరుతో ఒకసారి, పొడుగు వైరుతో ఒకసారి వినిపిస్తే ఆ పిల్లలు జన్మలో మరచిపోరు.

కెపాసిటెన్స్ పెంచి సర్దుకోవడానికి ఆడియో అభిమానులు ఏరికోరి వాడేది సిల్వర్ మైకా కెపాసిటర్. గూడూరు, సైదాపురం గనుల్లో లేత ఆకుపచ్చగా మెరిసే కాకిబంగారం ఉందే, అదీ మైకానే. గోటితో గీరినా రేకులుగా విడిపోతుంది. అలాంటి పలచని రేకులకు రెండు వైపులా వెండి పూత వేస్తారు. వేడికి దాని విలువ దాదాపు మారదు. చవక సిరామిక్ రకాలు కొన్ని మన రోహిణీ కార్తె ఎండలకే దారి తప్పుతాయి.

కార్ట్రిడ్జ్‌తో వచ్చిన కాగితంలో ఎంత కెపాసిటెన్స్ కావాలో చూడండి. అందులోంచి వైరుదీ ఆంప్లిఫయర్‌దీ తీసేయండి. ఇంకా కావాలంటే, ఆ తేడాకు సరిపడే మైకా కెపాసిటర్లను రెండు చానళ్లకూ సమానంగా, సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య సోల్డరింగ్ చేయించండి. ఇప్పటికే ఎక్కువైతే వైరు పొట్టి చేయించండి. మీది మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ అయితే ఈ పనే అక్కర్లేదు. దాని చుట్టలు మరీ చిన్నవి.