గళ్లకు రంగు వేసి చూస్తే

చిరంజీవులకు,

ఆశీస్సులు. లెక్క చేయడమంటే సూత్రం గుర్తు తెచ్చుకొని, అంకెలు వేసి, పుస్తకం చివర ఇచ్చిన జవాబుతో సరిచూసుకోవడమేనని మీలో చాలామంది అనుకుంటారు. ఆ సాధన అవసరమే, అది లేనిదే చేయి తిరగదు. అయితే కొన్ని పరిష్కారాలు జవాబు చెప్పి ఊరుకోవు; ఆ జవాబు అలాగే ఎందుకు ఉండి తీరాలో కళ్లకు కట్టిస్తాయి. వాటిని చదివినప్పుడు కలిగే సంతోషం నాకు ఈ వయసులోనూ తగ్గలేదు. అది మీకూ అందాలని రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. ఒక నాకౌట్ పోటీలో 100 మంది ఉన్నారు. ప్రతి ఆటలోనూ ఒకరు గెలుస్తారు, ఓడినవారు పోటీ నుంచి తప్పుకుంటారు. విజేత తేలేసరికి ఎన్ని ఆటలు జరుగుతాయి? మొదటి విడతలో 50, తరువాత 25, ఆపైన జత దొరకని ఒకరిని నేరుగా ముందుకు పంపి 12, ఇలా 6, 3, 2, 1 కూడుకుంటూ పోతే 99 వస్తుంది. ఇప్పుడు గెలిచినవారిని వదిలి ఓడినవారి వైపు చూడండి. ఒక్కో ఆటలో ఒక్కరే ఓడతారు, విజేత తప్ప మిగిలిన 99 మందీ ఒక్కొక్కసారి ఓడాలి, కాబట్టి ఆటలు 99. జతలు ఎలా కట్టినా ఈ సంఖ్య మారదని కూడా దీనితోనే తెలిసిపోయింది. కూడిక ఆ సంగతి చెప్పలేదు.

నాకు మరింత ఇష్టమైనది తత్వవేత్త మాక్స్ బ్లాక్ 1946లో ఇచ్చిన సమస్య. 8 వరుసల్లో 8 చొప్పున 64 గళ్లు గీసి, ఒక కర్ణానికి రెండు చివరలా ఉన్న మూల గళ్లను కత్తిరించి తీసేయండి. 62 గళ్లు మిగులుతాయి. పక్కపక్కనున్న రెండు గళ్లను సరిగ్గా కప్పే బిళ్లలు 31 ఉన్నాయి. ఒకదానిపై ఒకటి పడకుండా, అంచు దాటకుండా వాటితో మొత్తం కప్పగలమా? ఇక్కడ చదవడం ఆపి కొంతసేపు నిజంగా ప్రయత్నించండి. 30 బిళ్లలు పెట్టగలిగినా, చివర మిగిలే రెండు గళ్లు ఎప్పుడూ విడివిడిగానే ఉంటాయి. కానీ ఎన్నిసార్లు విఫలమైనా అది అసాధ్యమని రుజువైనట్టు కాదు. ఇంకా పరీక్షించని అమరికలు లెక్కలేనన్ని ఉంటాయి.

ఇప్పుడు ఆ గళ్లకు చదరంగపు బల్లకు ఉన్నట్టే నలుపు, తెలుపు రంగులు వేయండి. కత్తిరించిన రెండు మూలలూ ఒకే రంగువి. అంటే ఒక రంగు గళ్లు 32, రెండో రంగువి 30 మిగిలాయి. ఏ బిళ్లను ఎక్కడ పెట్టినా ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి కప్పుతుంది కనుక 31 బిళ్లలకు ఒక్కో రంగువి 31 గళ్లు కావాలి. అవి లేవు, కనుక అసాధ్యం. ప్రశ్నలో రంగు ప్రసక్తే లేదని గమనించారా? అది పరిష్కరించేవారు బయటి నుంచి తెచ్చినది. అంతవరకు చిక్కుముడిగా ఉన్న అమరికలన్నీ ఆ ఒక్క ఊహతో ఒకేసారి తేలిపోయాయి.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి తీసేస్తే, అవి ఎక్కడ ఉన్నా సరే, మిగిలినదాన్ని కప్పగలమా? ఎప్పుడూ కప్పగలమని గణితవేత్త రాల్ఫ్ గోమరీ చూపించాడు. పై వరుస గుండా కుడి చివరికి వెళ్లి, ఎడమ అంచు నిలువు వరుసను తాకకుండా కిందివరకు అటూ ఇటూ తిరుగుతూ దిగి, ఆ నిలువు వరుస గుండా పైకి వచ్చేయండి. 64 గళ్లనూ ఒక్కొక్కసారి దాటుతూ బయలుదేరిన చోటికే చేరతారు. ఈ దారిలో రంగులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి, వేర్వేరు రంగుల గళ్లు రెండు తీసేస్తే మిగిలే ఒక్కో ముక్కలో గళ్ల సంఖ్య సరిసంఖ్యే అవుతుంది. ఇక దారి వెంబడి బిళ్లలు పరుచుకుంటూ పోవడమే.

ఇటువంటి ఊహలు మేధావులకే తడతాయని అనుకోకండి. చేత్తో చేసి, ఎక్కడ ఆగిపోతున్నామో శ్రద్ధగా గమనించేవారికి అవి తడతాయి. పైన మీకు మిగిలిన ఆ రెండు గళ్లకు రంగు వేసి చూడండి. అవి ప్రతిసారీ ఒకే రంగువి.

ఇక ఇది మీ వంతు. 5 వరుసల్లో 5 చొప్పున 25 కుర్చీలు, ఒక్కో కుర్చీలో ఒకరు కూర్చొని ఉన్నారు. గంట మోగగానే ప్రతి ఒక్కరూ ముందు, వెనుక, కుడి, ఎడమల్లో ఏదో ఒక పక్క కుర్చీలోకి మారాలి, ఎవరూ నిలబడి మిగలకూడదు. ఇది సాధ్యమేనా? 6 వరుసల్లో 6 చొప్పున ఉంటే? అవును, కాదు అని మాత్రమే రాయకండి. కారణం చదవాలని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ తాతయ్య