ఫోన్‌లో నర్సు, ఎమర్జెన్సీలో రద్దీ: అపోహలు - వాస్తవాలు

ఎమర్జెన్సీ విభాగంలో ట్రయాజ్ నర్సుగా పనిచేస్తాను, అంటే వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సును. కొన్ని షిఫ్టుల్లో ఫోన్ ట్రయాజ్ కూడా చూస్తాను, అంటే ఫోన్ చేసినవాళ్ల లక్షణాలు విని ఎక్కడికి, ఎంత త్వరగా వెళ్లాలో చెబుతాను. మా పని గురించి రోగుల బంధువులతో పాటు ఆస్పత్రులు నడిపేవాళ్లు కూడా గట్టిగా నమ్మే మాటలు కొన్నున్నాయి.

అపోహ: చిన్నాచితకా జబ్బులకు పరిగెత్తుకొచ్చేవాళ్ల వల్లే ఎమర్జెన్సీ కిక్కిరిసిపోతోంది. వాళ్లను ఫోన్‌లోనే ఆపేస్తే రద్దీ తగ్గిపోతుంది.

వాస్తవం: జలుబుతోనో, వేలు కోసుకునో వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుంటారు. చూసి పంపడానికి ఎక్కువసేపు పట్టదు, మానిటర్ ఉన్న బెడ్డూ అక్కర్లేదు. బెడ్లు నిండిపోయేది అడ్మిషన్ రాసేశాక కూడా వార్డులో ఖాళీ లేక గంటల తరబడి మా దగ్గరే ఉండిపోయేవాళ్లతో. దీన్నే బోర్డింగ్ అంటాం. రద్దీని మూడు చోట్ల చూడాలని 2003లో అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్ బ్రెంట్ ఆస్ప్లిన్ బృందం చెప్పింది: ఎంతమంది వస్తున్నారు, లోపల ఎంతసేపు పడుతోంది, బయటికి ఎలా వెళ్తున్నారు. ఆ మూడోది ఇరుక్కుపోతే ఫోన్ లైన్ ఎంత బాగా నడిచినా ఫలితం కొంతే. నిజానికి టెలీహెల్త్, అంటే ఫోన్, వీడియోల ద్వారా అందించే వైద్య సేవ, అక్కడా పనికొస్తుంది. గుండె వైఫల్యంతో చేరి డిశ్చార్జ్ అయిన మనిషికి మొదటి వారంలోనే ఫోన్ చేసి, బరువు పెరిగిందా, కాళ్లు వాచాయా, మందులు అందాయా అని నర్సు కనుక్కుంటే, పరిస్థితి ముదిరి మళ్లీ బెడ్డు అవసరం కాకముందే మందు సరిచేయొచ్చు. ఈ పని మీద ఎవరూ పెద్దగా శ్రద్ధ పెట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఫోన్‌లో నర్సు ఏదో అంచనాగా చెప్పేస్తుంది.

వాస్తవం: జబ్బు పేరు తేల్చడం మా పని కాదు. ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, ఎంత త్వరగా చూడాలి అన్నదే తేలుస్తాం. దానికి ష్మిట్-థాంప్సన్ లాంటి ప్రోటోకాల్స్, అంటే ఏ లక్షణానికి ఏ ప్రశ్నలు ఏ వరసలో అడగాలో రాసిపెట్టిన పద్ధతులు, ఉన్నాయి. వాటిలో ప్రాణాపాయాన్ని పట్టే ప్రశ్నలే ముందుంటాయి. తలనొప్పి అనగానే, ఒక్కసారిగా వచ్చిందా, మాట తడబడుతోందా, చెయ్యీ కాలూ పట్టు తప్పాయా, జ్వరంతో పాటు మెడ బిగుసుకుందా అని అడుగుతాం. మిగతావన్నీ ఆ తర్వాతే. వీలైతే రోగితోనే మాట్లాడిస్తాం, ఎందుకంటే ఒక వాక్యం ఆయాసం లేకుండా పూర్తి చేయలేకపోతే ఆ గొంతే చాలా చెప్పేస్తుంది. మూడు నెలలు నిండని పసిబిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉంటే, బిడ్డ హుషారుగా కనిపించినా వెంటనే చూపించమంటాం. అనుమానం వస్తే ఎప్పుడూ ఒక మెట్టు పైకే.

అపోహ: ఎంత ఎక్కువమందిని ఇంట్లోనే ఉంచితే ఆ లైన్ అంత బాగా పనిచేస్తున్నట్టు.

వాస్తవం: ఈ లెక్క ప్రమాదకరం. గ్యాస్ నొప్పేలే అనుకుని పడుకోబోతున్న మనిషిని అంబులెన్స్ ఎక్కించడం కూడా ఈ లైన్ చేసే పనే. ఆ ఫోన్ వల్ల ఎమర్జెన్సీలో ఒకరు పెరిగారు, పెరగాల్సిందే. ఇంట్లో ఉండమని చెప్పినవాళ్లలో ఎంతమంది రెండు మూడు రోజుల్లో ముదిరిపోయి వచ్చారో లెక్కపెట్టమని మేనేజర్లను అడుగుతూనే ఉంటాను.

అపోహ: టెలీహెల్త్ చిన్న జబ్బులకే.

వాస్తవం: పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలయ్యాక మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. న్యూరాలజిస్టు లేని ఆస్పత్రి నుంచి వీడియోలో స్పెషలిస్టుకు రోగినీ, స్కాన్‌నూ చూపించి ఆ నిర్ణయం తీసుకుంటున్నారు. కడుపునొప్పి మాత్రం వేరే సంగతి. పొట్ట నొక్కి చూడాల్సిన చోట స్క్రీన్ పనికిరాదు.

అపోహ: ఏదైనా సరే, ముందు ఫోన్ చేసి అడగడమే మంచిది.

వాస్తవం: ఛాతీలో బిగుతు, మూతి వంకర పోవడం, ఊపిరి అందకపోవడం, ఆగని రక్తస్రావం, స్పృహ తప్పడం. వీటిలో ఏది కనిపించినా మా లైన్‌కు చేయొద్దు, నేరుగా అంబులెన్స్‌కే చేయండి. మాకు చేసినా మేం చెప్పేది అదే. ఈలోగా విలువైన నిమిషాలు పోతాయి.