రోడ్డు కింద స్టేడియం, నానమ్మ బొంత

ఒరేయ్ చిన్నోడా, బుజ్జితల్లీ,

మొన్న వీడియో కాల్‌లో ఫోను అటు తిప్పి ఇక్కడి పాత స్టేడియం చూపిస్తే మీరడిగారు గుర్తుందా, "తాతయ్యా, అంత మంచి స్టేడియం మీద రోడ్డెవరు వేశారు? వాళ్లకి బుద్ధి లేదా?" అని. మీ అత్త పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను, ఈలోగా సిగ్నల్ పోయింది. రాత్రి పడుకున్నాక మళ్లీ ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. నవ్వి వదిలేసేది కాదనిపించింది. వేసవి సెలవులకి మీరెలాగూ బల్గేరియాలోని ఈ ప్లోవ్‌దివ్ ఊరికి వస్తున్నారుగా, వచ్చేలోపు చదువుకుంటారని రాస్తున్నాను. మీ నాన్న ముందు చదివేసి కథంతా చెప్పేస్తాడేమో, ఇవ్వకండి.

మా నానమ్మ దగ్గర ఒక బొంత ఉండేది. బొంత అంటే మీకు తెలీదేమో, మీవన్నీ కొన్న దుప్పట్లే కదా. పాత చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుడితే బొంత. ఏళ్లు గడిచి పైగుడ్డ చిరిగితే మా నానమ్మ దాన్ని పారేసేది కాదు, దాని మీదే ఇంకో చీర వేసి మళ్లీ కుట్టేసేది. అలా ఎన్ని చీరలు పడ్డాయో లెక్క లేదు, సంక్రాంతి చలిలో కప్పుకుంటే మీద మనిషి పడుకున్నంత బరువు. నేనూ మా తమ్ముడూ నులకమంచం మీద దాని కింద దూరి, ఎక్కడ చిరిగితే అక్కడ వేలు పెట్టి లోపలేముందో చూసేవాళ్లం. ఒకచోట నీలం గళ్లు, ఇంకా లోపలికి వెళ్తే ఎర్ర అంచు. "అది మా అత్తగారి చీర రా, నా పెళ్లినాడు కట్టుకుంది" అని నానమ్మ చెప్పింది. ఆ అత్తగారిని నేను చూడలేదు. చీర అంచు మాత్రం వేలికి తగిలింది.

ఈ ఊరు కూడా అచ్చం ఆ బొంతే.

అట్టడుగు గుడ్డ థ్రేసియన్లది, అంటే ఇక్కడ పూర్వం ఉండిన జనానిది. నెబెత్ తెపే అని ఒక కొండ ఉంది ('తెపే' అంటే కొండ, టర్కీ మాట), దాని మీద వాళ్ల కోట గోడల రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. క్రీ.పూ. 342లో మాసిడోనియా రాజు ఫిలిప్పు, అదే అలెగ్జాండర్ వాళ్ల నాన్న, వచ్చి ఊరిని పట్టుకుని తన పేరు పెట్టుకున్నాడు, ఫిలిప్పోపొలిస్ అని. థ్రేసియన్ల నోట అదే పుల్పుదేవ అయింది. తర్వాత రోమన్లు వచ్చి మూడు కొండలున్నాయని త్రిమోంటియం అన్నారు. ఆ తర్వాత టర్కులు ఫిలిబే అన్నారు. స్లావుల నోట్లో పడి నలిగి నలిగి పుల్పుదేవ కాస్తా ప్లోవ్‌దివ్ అయింది. ఒక్క ఊరికి ఇన్ని పేర్లేంటని అడక్కండి, చిన్నోడికి బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, కోపమొస్తే మీ అమ్మ పిలిచే పేరు ఇంకొకటి లేవూ?

ఇప్పుడు మీ స్టేడియం సంగతి. క్రీ.శ. రెండో శతాబ్దం మొదట్లో, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, రెండు కొండల మధ్య పల్లంలో కట్టారు. పొడవు 240 మీటర్లు. 30,000 మంది దాకా కూర్చునేవారట. పాలరాతి అరుగుల మీద సింహం పాదాలు చెక్కారు, గోళ్లతో సహా. అలాంటిదాని మీద రోడ్డేసినవాడికి బుద్ధి లేదనుకోవడం తేలికే. కానీ ఆ రోడ్డు ఒక్కడు వేసింది కాదురా. క్రీ.శ. 250 ప్రాంతంలో గోత్‌లు అనే తెగవాళ్లు వచ్చి ఊరిని దోచుకుని తగలబెట్టారు. పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు మళ్లీ ఇళ్లు కట్టుకోవాలి కదా, కాలమాగదు. తర్వాత్తర్వాత పందేలు ఆగిపోయాయి, రాళ్లు తలా కొన్ని పట్టుకుపోయారు, శిథిలాల మీద మట్టి పేరుకుంది, ఆ మట్టి చదును చేసి తాతలు కట్టుకున్నారు, వాళ్ల ఇళ్లు కూలితే మనవళ్లు మళ్లీ చదును చేశారు. నానమ్మ చీర మీద చీర వేసినట్టే, ఎవరూ పనిగట్టుకుని దాచలేదు, అవసరమొచ్చి కప్పారు. ఇవాళ దాని మీద ఊళ్లోకెల్లా పెద్ద షాపింగ్ వీధి ఉంది, కార్లు రావు, అందరూ నడకే. కుర్రాళ్లు ఐస్‌క్రీమ్ తింటూ నడుస్తుంటారు, వాళ్ల కాళ్ల కింద రోమన్ల పరుగుపందెం బాట.

జుమాయా మసీదు ముందు చౌకులో మాత్రం బొంత చిరిగినట్టు పెద్ద గొయ్యి ఉంటుంది. వంపు తిరిగిన ఆ చివర ఒక్కటే తవ్వి వదిలారు. ఫోన్లో మీరు చూసింది అదే. పక్కనే తొమ్మిది గుమ్మటాల మసీదు, గోడ మీద నీడగడియారం. మసీదుకి ఆనుకుని ఉన్న చిన్న కాఫీ కొట్టులో తేనె పాకం కారే బక్లావా దొరుకుతుంది, అదీ చూద్దురుగాని.

ఇంకో చిరుగు 1970ల మొదట్లో దానంతటదే పడింది. కొండచరియ జారితే లోపల తెల్లగా రాతి మెట్లు! తవ్వగా తవ్వగా మొత్తం నాటకశాల బయటపడింది, మొదటి శతాబ్దం చివర్లో కట్టింది, అయిదు నుంచి ఏడు వేల మంది పట్టేది. ఏ వరస ఏ పేట వాళ్లదో అరుగుల మీద పేర్లు చెక్కారు, అంటే సీటు కోసం తగువులు అప్పుడూ ఉన్నట్టే కదా. ఇప్పటికీ వేసవి రాత్రుళ్లు అక్కడ సంగీత నాటకాలు ఆడతారు. కొండ కింద నుంచి కార్ల సొరంగం, పైన పాటలు. మీ అత్త టికెట్లు తీస్తానంది. దిండొకటి పట్టుకెళ్లండి, రాయి గట్టిది, అనుభవంతో చెబుతున్నాను.

బిషప్ బసిలికా అని పాత చర్చి ఒకటి ఉంది, చూడ్డానికి 2021లో తెరిచారు. 2,000 చదరపు మీటర్ల నేలంతా చిన్న చిన్న రాతి పలుకులతో వేసిన ముగ్గులు, వందకు పైగా పిట్టలు. చిత్రమేమిటంటే ఆ నేల కూడా ఒకటి కాదు, ముగ్గు కింద ఇంకో ముగ్గు! నానమ్మ చూసుంటే "ఆ, మరి?" అని దబ్బనంలో దారం ఎక్కించుకునేది. ఇక్కడొక మాట చెప్పాలి. మేం బొంత చిరుగులో వేలు పెట్టి లాగి లాగి ఆ ఎర్ర అంచుని పీలికలు చేసేశాం, నానమ్మ ఆ రోజు కొట్టలేదు, కూర్చుని ఏడ్చింది. ఈ పిట్టల్ని బయటికి తీసినవాళ్లు బ్రష్షు పట్టుకుని, పలుకు పలుకూ తుడుచుకుంటూ, ఏళ్ల తరబడి పనిచేశారు. లోపలేముందో చూడాలని అందరికీ ఉంటుంది నాన్నా, నెమ్మదిగా చూడటమే కష్టం.

కొండల దగ్గరికొచ్చేసరికి నా బొంత పోలిక కాస్త జారుతోంది, అయినా లాగుతాను. ఊరికి ఏడు కొండలుండేవి, ఇప్పుడు ఆరే. మార్కోవో తెపే అనేదాన్ని రోడ్ల రాళ్ల కోసం కొట్టి కొట్టి మొత్తం మాయం చేసేశారు. అక్కడిప్పుడు ఒక మాల్ ఉంది, దానికి ఆ కొండ పేరే పెట్టారు! మీరు "బుద్ధి లేదా" అని అడగాలనుకుంటే ఇక్కడ అడగండి, నేనేమీ అడ్డుచెప్పను.

పాత ఊరి సందుల్లో మేడలు చూసి మీరు బెదరొద్దు. పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకొచ్చి, ఎదురిళ్ల కిటికీలు ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నట్టుంటాయి. వాటిలో హిండ్లియన్ ఇల్లు అని ఒకటుంది, 1835-40 మధ్య కట్టింది, ఆర్మేనియన్ వర్తకుడిది. మన హిందుస్థాన్‌తో వ్యాపారం చేసినందుకే ఆ ఇంటిపేరొచ్చిందట! ఇంత దూరమొచ్చాక ఒక ఇంటి పేరులో మన దేశం కనిపిస్తే, ఏమో, నాకు గొంతుకి ఏదో అడ్డుపడ్డట్టయింది. గోడల నిండా దూరదేశాల నగరాల బొమ్మలు. అతిథుల కోసం గోడలోని చిన్న ధారలోంచి పన్నీరు వచ్చేదని చెబుతారు. చిన్నోడా, కూరలో వేసే పనీర్ కాదు, గులాబీల పన్నీరు. ఇక్కడికి ఉత్తరాన కొండల అవతల లోయ లోయంతా గులాబీ తోటలే.

ఒక హెచ్చరిక. ఇక్కడ తల అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. వచ్చిన కొత్తలో ఒక రొట్టెల కొట్టులో బానిత్స (పొరలు పొరలుగా చీజ్ పెట్టి కాల్చేది) ఉందా అని సైగ చేస్తే కొట్టు ఆవిడ నిలువుగా తలూపింది, నేను హాయిగా పావుగంట నిలబడ్డాను. మళ్లీ అడిగితే మళ్లీ ఊపింది. ఇంటికొచ్చి చెబితే మీ అత్త నేల మీద కూర్చుని నవ్వింది. పైగా ఈ ఊరివాళ్లు దేనికీ తొందరపడరు, దానికి 'ఐల్యాక్' అని ఒక మాట కూడా పెట్టుకున్నారు. మన ఊళ్లో అరుగు మీద కూర్చున్న మధ్యాహ్నం లాంటిదనుకోండి. అందుకే మీరొచ్చినప్పుడు రోజుకి పది చూసేద్దామని టెన్షన్ పడకండి, రెండు చాలు.

మార్చి ఒకటిన ఇక్కడందరూ చేతికి ఎరుపు తెలుపు దారాలు కట్టుకున్నారు, పక్కింటావిడ నాకూ కట్టింది. కొంగ కనిపించినా, పూసిన చెట్టు కనిపించినా విప్పి కొమ్మకి కట్టాలట. మా వీధి చివర చెట్టు ఇంకా మొగ్గే. మీ కోసం రెండు దారాలు దాచాను.

స్టేడియం గురించి ఇంకా చాలా రాద్దామనుకున్నాను గానీ, రాసి లాభం లేదు. వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మీరిద్దరే ఆ గొయ్యిలోకి మెట్లు దిగండి. నేను పైన రెయిలింగ్ దగ్గర నిలబడతాను. సింహం పాదం వెతికి చెయ్యి పెట్టండి, చల్లగా ఉంటుంది. అలాగే కూర్చుని పైకి చూస్తే వీధిలో వెళ్లేవాళ్ల చెప్పులు కనిపిస్తాయి. వాటిలో నావి ఏవో కనిపెట్టి చెప్పండి చూద్దాం.

మీ
తాతయ్య