11 ఎంబీపీఎస్ ఎక్కడికి పోయింది? వైఫై సిమ్యులేషన్: అపోహలు – వాస్తవాలు

ఎంటెక్ ప్రాజెక్టులు సబ్మిట్ చేసే రోజులు దగ్గరపడితే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఎన్‌ఎస్-3లో గ్రాఫ్ వచ్చింది, ఒకసారి చూస్తారా?" (ఎన్‌ఎస్-3 అంటే నెట్‌వర్క్‌ని కంప్యూటర్లోనే నకలుగా నడిపి చూసే సిమ్యులేటర్.) గ్రాఫ్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. చిక్కంతా అది ఎలా వచ్చిందన్న దగ్గరే. ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెడుతున్నా.

అపోహ: 11 ఎంబీపీఎస్ పెడితే 6 వస్తోంది, కోడ్‌లో బగ్ ఉంది.

బగ్ లేదు. 802.11బి అనే పాత వైఫై ప్రమాణంలో 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్లడానికి ఎంత టైమ్ పడుతుందో కాగితం మీద లెక్కేయండి. చానల్ ఖాళీగా ఉందని తేల్చుకోవడానికి 50 మైక్రోసెకన్లు ఆగాలి. తర్వాత బ్యాకాఫ్, అంటే ఇతరులతో ఢీకొనకుండా ర్యాండమ్‌గా ఆగే సమయం: 0 నుంచి 31 దాకా ఏదో ఒక అంకె, స్లాటుకు 20 చొప్పున సగటున 310. ప్యాకెట్ ముందు వెళ్లే లాంగ్ ప్రియాంబుల్, ఫిజికల్ లేయర్ హెడర్ కలిపి 192. హెడర్లతో కలిపి అసలు ప్యాకెట్‌కి 1117. మళ్లీ 10 ఆగాలి. అవతలి నుంచి 2 ఎంబీపీఎస్‌లో ఏసీకే (అందిందన్న జవాబు) రావడానికి, దాని ప్రియాంబుల్‌తో కలిపి 248. మొత్తం 1927. పన్నెండు వేల బిట్లను దీంతో భాగిస్తే 6.2 ఎంబీపీఎస్. అదీ పంపేవాడు ఒక్కడే ఉన్నప్పుడు. పదిమంది చేరితే కొలిజన్లు (ప్యాకెట్లు ఢీకొనడం) కూడా తోడవుతాయి. మీ సిమ్యులేటర్ 10 చూపిస్తే, అప్పుడు బగ్ వెతకండి.

అపోహ: నాలుగుసార్లు నడిపినా అదే అంకె వచ్చింది, కాబట్టి రిజల్ట్ పక్కా.

ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. ఎన్‌ఎస్-3లో ర్యాండమ్ అంకెలు ఎలా రావాలో నిర్ణయించే సీడ్, రన్ నంబరు రెండూ డిఫాల్ట్‌గా 1. మీరు వందసార్లు నడిపినా అవే ర్యాండమ్ అంకెలు, అదే వరసలో వస్తాయి. చూసిన సినిమానే మళ్లీ చూస్తే క్లైమాక్స్ మారుతుందా? సీడ్ అలాగే ఉంచి, రన్ నంబరును, అంటే ఆర్‌ఎన్‌జీరన్ విలువను 1, 2, 3 అంటూ మార్చుకుంటూ పోవాలి.

ఒకబ్బాయి ఏఓడీవీ, ఓఎల్‌ఎస్‌ఆర్ అనే రూటింగ్ (ప్యాకెట్లకు దారి వెతికే) ప్రోటోకాల్స్‌ని పోల్చి ఏఓడీవీ గెలిచిందని రాసుకొచ్చాడు. 20 రన్లు వేయించి, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఉండగల పరిధి) గీయమన్నా. రెండింటి బార్లూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. "ఇప్పుడేం రాయాలి సార్, గైడ్ ఒప్పుకోరు" అన్నాడు. ఈ సెటప్‌లో తేడా తేలలేదని రాయమన్నా. నా దృష్టిలో అదీ ఫలితమే, మొహమాటపడక్కర్లేదు.

ఇది మన కాలేజీల జబ్బు మాత్రమే కాదు. మోబిహాక్ అనే పెద్ద మొబైల్ నెట్‌వర్కుల సదస్సులో 2000 నుంచి 2005 దాకా వచ్చిన పేపర్లను కొందరు పరిశోధకులు తిరగేస్తే, మరొకరు మళ్లీ చేసి చూడగలిగేలా వివరాలిచ్చినవి 15 శాతం కూడా లేవు.

అపోహ: రేంజ్ అంటే నోడ్ (నెట్‌వర్క్‌లోని పరికరం) చుట్టూ గీసిన వృత్తం.

గోడ, మనిషి, సిమెంటు స్తంభం ఏవీ లేని చోట సరే. దూరంతో సిగ్నల్ ఎలా తగ్గుతుందో చెప్పేది ప్రాపగేషన్ మోడల్. వాటిలో ఫ్రీస్ మోడల్‌లో దూరం 10 మీటర్ల నుంచి 100కి పెరిగితే సిగ్నల్ 20 డీబీ (డెసిబెల్స్) పోతుంది. లాగ్ డిస్టెన్స్ మోడల్‌లో డిఫాల్ట్ ఎక్స్‌పోనెంట్ (దూరానికి వేసే ఘాతం) 3 కాబట్టి 30 పోతుంది. ఆ 10 డీబీ తేడా అంటే సిగ్నల్ పవర్ పదో వంతు. ఏ మోడల్ వాడారో రాయకుండా గ్రాఫ్ పెడితే నేను పక్కన పెట్టేస్తా.

అపోహ: ర్యాండమ్ వేపాయింట్‌లో కనిష్ఠ వేగం సున్నా పెడితే ఏమీ కాదు.

అవుతుంది. ర్యాండమ్ వేపాయింట్ అంటే ప్రతి నోడ్ ఏదో ఒక గమ్యం, ఏదో ఒక వేగం ఎంచుకుని కదిలే మోడల్. ఒక నోడ్‌కి సెకనుకు 0.01 మీటరు వేగం, కిలోమీటరు దూరంలో గమ్యం వచ్చాయనుకోండి. చేరడానికి లక్ష సెకన్లు, అంటే 27 గంటల పైమాటే. మీ సిమ్యులేషన్ నడిచేది 900 సెకన్లు. ఇలా ఇరుక్కున్నవి పెరిగేకొద్దీ సగటు వేగం పడిపోతూ ఉంటుంది. మీరేమో వేగంగా కదిలే నెట్‌వర్క్ అని హెడ్డింగ్ పెడతారు. కనిష్ఠ వేగాన్ని సున్నాకి దూరంగా ఉంచండి.

అపోహ: సిమ్యులేషన్ అంతా ఉత్తిదే, నిజం పరికరాలతోనే తేలుతుంది.

పరికరాలతో నేనూ కొలుస్తా. కానీ పక్క ఫ్లాట్‌వాళ్లు రాత్రి మ్యాచ్ పెట్టగానే పొద్దున వచ్చిన అంకె మారిపోతుంది. బ్యాకాఫ్ ఒక్కటే మార్చి మిగతాదంతా కదలకుండా ఉంచడం బయట కుదరదు. అందుకే ముందు రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే టూల్‌తో కొలుస్తా, అదే సెటప్‌ని సిమ్యులేటర్‌లో కడతా. రెండూ దగ్గరగా వస్తేనే నోడ్లు పెంచుతా. రాకపోతే ముందు తెరిచి చూసేది ప్రాపగేషన్ మోడల్ రాసిన లైనే.