బేస్ గిటార్ బెల్ట్ ఎందుకు ఊడుతుంది?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రను తొలిచి చేసే వీణను కూర్చుని వాయిస్తారు. బరువంతా నేల మీదా, తొడ మీదా పడుతుంది. మరి నిలబడి, గెంతుతూ వాయించే వాద్యం మన వైపు లేదా అంటే ఉంది: తప్పెటగుళ్లు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కళాకారులు రేకు తప్పెటను మెడకు వేసుకుని గుండెకు ఆనించి కట్టుకుంటారు. ఎంత ఎగిరినా ముడి ఉంది కాబట్టి అది ఊడదు. లావు తీగలతో మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్‌కు ఆ ముడి లేదు. సుమారు నాలుగు కిలోల చెక్కా ఇనుమూ కలిసి, గిటార్ బాడీ రెండు కొసల్లో స్క్రూతో బిగించిన రెండు చిన్న బటన్ల మీద, బెల్ట్ చివర్లలో ఉన్న రెండు కన్నాల మీద వేలాడుతుంటాయి.

పండగ ఆర్కెస్ట్రాల్లో, క్రిస్మస్ కూడికల్లో బేస్ వాయించే కుర్రాళ్లు తీగల గురించి, యాంప్లిఫయర్ గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఆ రెండు కన్నాలనూ ఎవరూ పట్టించుకోరు. గిటార్ విరిగేది మాత్రం ఎక్కువగా అక్కడ మొదలైన నిర్లక్ష్యం వల్లే.

మీటరు ఎత్తు నుంచి జారిన వస్తువు 0.45 సెకనులో నేలను తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. జారడం గమనించి చెయ్యి కదిపేసరికే 0.2 సెకను పోతుంది. పైగా చాలాసార్లు ఒక కొసే ఊడుతుంది. మెడ వైపున్న పై కొస ఊడితే గిటార్ తిరగబడి, తీగల బిరడాలున్న తల ముందు నేలకు కొట్టుకుంటుంది.

చిత్రమేమిటంటే బరువు లాగుతున్నంతసేపూ బెల్ట్ అంత తేలిగ్గా ఊడదు. బటన్ నడుము సన్నగా, తల వెడల్పుగా ఉంటుంది. బరువు పడినప్పుడు తోలు ఆ నడుముకు బిగిసి ఉంటుంది. శబ్దం మార్చడానికి కాలితో నొక్కే పెడల్ సర్దడానికి వంగినప్పుడో, కుర్చీలో కూర్చున్నప్పుడో బెల్ట్ వదులవుతుంది. తోలు మెల్లగా బటన్ తల అంచుకు చేరుతుంది. మనిషి లేచి నిలబడగానే బరువు మళ్లీ పడి, అంచున ఉన్న కన్నం కాస్తా తల దాటేస్తుంది. అందుకే వంగి లేచిన ప్రతిసారీ పై బటన్‌ను చేత్తో తడిమి చూసుకోవాలి.

"బెల్ట్ కొత్తదే కదన్నా!" అన్నాడు విజయనగరంలో ఒక తమ్ముడు. నిజమే, కొత్తదే. నైలాన్ పట్టీకి చివర రెగ్జిన్ ముక్క కుట్టి ఉంది. ఆ కన్నాన్ని వేలితో వంచితే అంచున పైపొర చీలి, లోపలి గుడ్డ పోగులు తెల్లగా కనిపించాయి. రెగ్జిన్ అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. మడత పడిన చోట ఆ పూత పగులుతుంది. అసలు తోలు నయం, కానీ దానికీ మన సముద్రతీరపు ఉక్క, చెమట పడవు. తడిసిన తోలు బరువుకు సాగుతుంది, ఆరాక పూర్తిగా వెనక్కి రాదు. గుండ్రటి కన్నం కోలగా మారిందంటే బెల్ట్ మార్చాల్సిందే.

గిటార్ మెడ కిందికి వాలిపోవడం కూడా ఇందులో భాగమే. 1951లో ఫెండర్ సంస్థ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. అంత పొడవు మెడ వాలకుండా బాడీకి మెడ పక్కన కొమ్ములా ఉండే పై భాగాన్ని ముందుకు సాగదీసి, దాని కొసన బటన్ పెట్టారు. కొమ్ము పొట్టిగా ఉన్న గిటార్లలో, బటన్ మెడ మొదట్లో ఉన్నవాటిలో బరువు తల వైపు లాగుతుంది. వాయించేవాడు ఎడమ చేత్తో మెడను ఎత్తి పట్టుకుంటాడు. అలా ఎత్తినప్పుడల్లా పై బటన్ దగ్గర బెల్ట్ వదులవుతుంది. లోపలి వైపు గరుకు తోలున్న వెడల్పాటి బెల్ట్ భుజం మీద జారదు కాబట్టి మెడ కూడా వాలదు. నైలాన్ చొక్కా మీద నైలాన్ బెల్ట్ వేస్తే మాత్రం ఆ పట్టు దొరకదు.

ఇక స్క్రూ. అన్నిటికంటే నాకు బెంగ దీని గురించే, ఎందుకంటే లోపల జరిగేది పైకి కనబడదు. బెల్ట్ స్క్రూను బయటికి కాదు, పక్కకు లాగుతుంది. ఆ లాగుడును ఉక్కు తట్టుకుంటుంది, చెక్క తట్టుకోదు. అడుగడుగునా స్క్రూ వెంట్రుకవాసి కదులుతూ, తన చుట్టూ ఉన్న చెక్కను నలిపి పొడి చేస్తుంది. బాడీలో చెక్క నార సాధారణంగా మెడ దిశలోనే సాగుతుంది. కింది బటన్ స్క్రూ ఆ నార వెంటే లోపలికి దిగుతుంది. నారకు అడ్డంగా దిగిన స్క్రూను పట్టినంత గట్టిగా చెక్క దీన్ని పట్టలేదు, ఎందుకంటే స్క్రూ మీది మరలు నారను తెంపుకుంటూ పోతాయి. చవక గిటార్లలో వాడే మెత్తటి చెక్కలో కన్నం ఇంకా తొందరగా లూజవుతుంది.

బటన్‌ను రెండు వేళ్లతో పట్టి ఊపండి. కొంచెం కదిలినా స్క్రూ విప్పి చూడండి. మరల మధ్య చెక్కపొడి ఉంటే లోపల పట్టు పోయినట్టే. పొడవాటి, లావు స్క్రూ దిగ్గొట్టకండి, సన్నటి కొమ్ము చీలిపోతుంది. మందు తీసేసిన అగ్గిపుల్లలను గానీ వెదురు పుల్లలను గానీ ఫెవికాల్‌లో ముంచి కన్నం నిండా కూరి, ఒక రోజంతా ఆరనివ్వాలి. పైకి పొడుచుకొచ్చిన ముక్కలు కోసేసి, స్క్రూ కంటే సన్నటి కన్నం కొత్తగా వేసి, మరలకు కొవ్వొత్తి మైనం రాసి బిగించాలి. మరలకు మళ్లీ గట్టి చెక్క దొరుకుతుంది.

బెల్ట్ ఊడకుండా చవకైన ఉపాయం మందపాటి రబ్బరు వాషర్. గ్రోల్ష్ అనే డచ్చి బీరు సీసా మూత రబ్బరును సంగీతకారులు ఇందుకే వాడతారు. హార్డ్‌వేర్ షాపులో, బటన్ తల కంటే కొంచెం చిన్న కన్నం ఉన్న వాషర్ ఎంచుకుని, బెల్ట్ తగిలించాక పైన సాగదీసి ఎక్కిస్తే చాలు. ఎండకు రబ్బరు పగులుతుంది, అప్పుడప్పుడూ మార్చాలి.

తరచూ స్టేజీ ఎక్కేవాళ్లు స్ట్రాప్ లాక్, అంటే బెల్ట్‌ను బటన్‌కు ఊడకుండా పట్టి ఉంచే బిగింపు, కొనుక్కోవడమే మంచిది. జర్మనీకి చెందిన షాలర్ లాక్‌లో యు ఆకారపు ముక్క బటన్‌ను పట్టుకుంటుంది, స్ప్రింగు పిన్ను దాన్ని బిగిస్తుంది. సరైన దిశలో పెడితే, పిన్ను తప్పినా బరువు యు లోనే ఆగుతుంది. డన్‌లప్ లాక్ నొక్కితే వదిలే రకం. ఏదైనా సరే, లాక్‌తో వచ్చిన స్క్రూ పాతదానికంటే సన్నగా ఉందేమో చూసుకోండి. సన్నగా ఉంటే ముందు పాత కన్నం పూడ్చాలి. బెల్ట్‌కు లాక్‌ను పట్టి ఉంచే నట్టు కూడా వాయింపు అదురుకు వదులవుతుంది. ప్రోగ్రాం ముందు దాన్ని స్పానర్‌తో ఒకసారి బిగించుకోవాలి.